“మా లిమిట్స్ కాదమ్మా” అంటే కుదరదు!

ఆరాంఘర్ చౌరస్తా చూశారు కదా! మెహిదీపట్నం నుంచి వచ్చే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఇక్కడే కిందికి దిగుతుంది. ఒకవైపు జూపార్కు ఫ్లైఓవర్, ఇంకోవైపు శంషాబాద్ హైవే. ఏ దారిన కాస్త దూరం పోయినా పోలీస్ స్టేషన్ మారిపోతుంది. మామూలు రోజుల్లో ఆ సంగతి ఎవరికీ పట్టదు. కష్టం వచ్చిన రోజే తెలుస్తుంది.

మా వీధిలో కుట్టుమిషన్ నడిపే అక్క ఒక సాయంత్రం శంషాబాద్‌లో ఆటో ఎక్కింది. దారిలో బైకు మీద వచ్చిన ఇద్దరు ఆమె మెడలో గొలుసు తెంపుకుపోయారు. “గగన్‌పహాడ్ దాటినంకనో, దాటకముందో... ఆ గాభరాలో నాకేం యాదికుంటది సారూ?” అని ఏడ్చింది. మొదటి స్టేషన్‌లో “మా లిమిట్స్ కాదమ్మా, అవతలి స్టేషన్‌కు పో” అన్నారట. రెండో చోట “ముందు ఎంక్వయిరీ చెయ్యాలె, రెండు వారాలు ఆగు” అన్నారట. ఏ స్టేషన్లన్నది ఇక్కడ అనవసరం. వకీలుగా నాకు ఆ రెండు మాటలే ముఖ్యం. మొదటిది చట్టం ఒప్పుకోని మాట. రెండోది సగం నిజం.

మొదటి మాట ఎంత ప్రమాదమో ఈ ప్రాంతానికి చెప్పక్కర్లేదు. 2019 నవంబరు 27 రాత్రి తొండుపల్లి టోల్‌ప్లాజా దగ్గర ‘దిశ’ కనిపించకుండా పోయింది. ఇంటివాళ్లు స్టేషన్‌కు పరుగెత్తితే, ఘటన ఏ స్టేషన్ పరిధిలోకి వస్తుందన్న చర్చతోనే విలువైన సమయం పోయింది. ఎఫ్‌ఐఆర్‌లో జాప్యానికి ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. వెంటనే కదిలి ఉంటే ఆమె బతికేదా అన్నది ఎవరూ చెప్పలేరు. ఆ తర్వాత డిసెంబరు 6న ఎన్‌కౌంటర్, సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్, దాని నివేదిక... చర్చంతా అటు మళ్లింది. ఆ రాత్రి మొదట ఎదురైన ‘ఏ స్టేషన్?’ అన్న ప్రశ్న మాత్రం వెనకబడిపోయింది.

నిజానికి అప్పటికే చట్టం స్పష్టంగా ఉంది. శిక్షార్హమైన కాగ్నిజబుల్ నేరం జరిగినట్టు ఫిర్యాదులో కనబడితే ఎఫ్‌ఐఆర్ తప్పనిసరి అని 2013 నవంబరు 12న లలితా కుమారి కేసులో అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. అదే ఏడాది ఐపీసీలో 166ఏ సెక్షన్ చేరింది. మహిళలపై జరిగే కొన్ని తీవ్ర నేరాల్లో ఫిర్యాదు నమోదు చేయని అధికారికే ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 199వ సెక్షన్.

2024 జులై 1న కొత్త చట్టాలు వచ్చాక మరో అడుగు పడింది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173(1) ప్రకారం నేరం ఏ ప్రాంతంలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వొచ్చు. ‘జీరో ఎఫ్‌ఐఆర్’ అన్న పేరు సెక్షన్‌లో కనబడదు గానీ, భావం అదే. ముందు కేసు రాసుకోవాలి, తర్వాత సరైన స్టేషన్‌కు పంపుకోవాలి. ఈ-మెయిల్ లాంటి ఎలక్ట్రానిక్ మార్గంలో పంపినా చాలు, మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేస్తే రికార్డుకెక్కుతుంది. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితం.

మరి ‘రెండు వారాల’ సంగతి? అది 173(3). మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో, డీఎస్పీ స్థాయి అధికారి అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ చేయొచ్చు. లలితా కుమారి తీర్పు కంటే ఇది పోలీసులకు కాస్త ఎక్కువ వెసులుబాటు. ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో 2025 మార్చి 28న సుప్రీంకోర్టు ఈ తేడానే వివరించింది. మాటలు, రాతల మీద పెట్టే ఈ తరహా కేసుల్లో ముందు విచారణ జరపడమే సముచితమని చెప్పింది. ఆ ధర్మాసనంలో ఒకరు గతంలో తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన జస్టిస్ ఉజ్జల్ భూయాన్. అక్కడ ఆ సెక్షన్ భావప్రకటన స్వేచ్ఛకు కవచమైంది. గొలుసు పోయిన మనిషి దగ్గర మాత్రం తిప్పి పంపే సాకు కాకూడదు.

స్నాచింగ్‌కు న్యాయ సంహిత 304 కింద శిక్ష మూడేళ్ల దాకా. అంటే సరిగ్గా ఆ గీత మీదే ఉంది. కానీ ఆ అక్క మెడ మీద గాటు పడింది. దొంగతనం కోసం కావాలని గాయం చేస్తే అది 309 కింద దోపిడీ అని వాదించవచ్చు. దానికి శిక్ష పదేళ్ల దాకా, కాబట్టి 14 రోజుల ప్రస్తావనే రాదు. మొదట చెప్పినప్పుడు ఆమె గాటు సంగతే ఎత్తలేదు. “గొలుసే పోయింది, గాటుదేముంది సారూ” అంది. లా చదివే పిల్లలకు నేను చెప్పేది ఇదే. ఫిర్యాదు రాసేముందు మనిషిని కూర్చోబెట్టి మొత్తం వినండి. సెక్షన్ ఆ మాటల్లోనే ఉంటుంది.

అప్పటికీ కేసు కట్టకపోతే 173(4) ఉంది. ముందు ఎస్పీకి, కమిషనరేట్‌లో అయితే డీసీపీకి రాతపూర్వకంగా పంపాలి. తర్వాతే 175(3) కింద అఫిడవిట్‌తో మేజిస్ట్రేట్ దగ్గరికి. మధ్య మెట్టు దాటేస్తే పిటిషన్ నిలవదు. ఆ రసీదు భద్రంగా దాచమనండి.

అక్క ఫిర్యాదు గాటుతో సహా మళ్లీ రాసి మెయిల్ చేశాం. మర్నాడే వెళ్లి సంతకం పెట్టింది. ఈసారి ‘ఎక్కడ జరిగింది?’ అని అడిగారు గానీ, పొమ్మనలేదు. గొలుసు ఇంకా దొరకలేదు. ఎఫ్‌ఐఆర్ కాపీ మాత్రం కుట్టుమిషన్ సొరుగులో, మడత నలగకుండా ఉంది.