పన్ను చట్టం కన్న గిటార్

అమెరికాలో అంతర్యుద్ధం ఖర్చులకు ఖజానా చాలక 1860ల్లో అక్కడి ప్రభుత్వం చుట్టల మీద పన్ను వేసింది. పన్ను కట్టినట్టు తెలియాలంటే స్టాంపు ఉండాలి, స్టాంపు అతికించడానికి పెట్టె ఉండాలి. ఆ దశాబ్దం ముగిసేసరికి చుట్టలన్నీ లెక్కకట్టిన చిన్న పెట్టెల్లోకి చేరిపోయాయి. ఒకసారి అమ్మిన పెట్టెలో మళ్లీ చుట్టలు నింపి అమ్మకూడదని ఇంకో నిబంధన పెట్టారు, పాత స్టాంపు చూపించి కొత్త సరుకు దాటిస్తారని భయం. ఇంకేముంది, సన్నటి చెక్కతో నీటుగా చేసిన పెట్టెలు ఎవరికీ అక్కర్లేని వస్తువులై ఊరూరా పోగుపడ్డాయి. రెవెన్యూ శాఖ చలవతో సంగీత వాద్యం ఒకటి ఊపిరి పోసుకోవడం అరుదే.

నిజానికి పన్ను పడకముందే ఎవరో ఒకరు అలాంటి పెట్టెకు తీగ కట్టే ఉంటారు. దొరికిన తొలి సాక్ష్యాల్లో ఒకటి మాత్రం ఎడ్విన్ ఫోర్బ్స్ అనే చిత్రకారుడు చెక్కిన సైనిక శిబిరం బొమ్మ. 1876లో అచ్చయిన ఆ బొమ్మలో ఒక సిపాయి చుట్టల పెట్టెతో చేసిన ఫిడేలు వాయిస్తుంటాడు. పెట్టె మీద ‘ఫిగారో’ అన్న పేరు కూడా కనిపిస్తుంది. తర్వాతి కాలంలో అమెరికా బాయ్ స్కౌట్స్ స్థాపకుల్లో ఒకరైన డేనియల్ కార్టర్ బియర్డ్ 1884లో ఒక క్రిస్మస్ కథలో భాగంగా చుట్టల పెట్టెతో అయిదు తీగల బాంజో చేసే పద్ధతిని రాశాడు. 1890లో పిల్లల కోసం వేసిన తన పుస్తకంలో కథ తీసేసి తయారీ వివరాలు మాత్రం ఉంచాడు. ఆ బాంజోకు మెట్లు లేవు. అది తెలివైన పనే, ఎందుకంటే పిల్లల చేత మెట్లు బిగింపజేయడం అంత తేలిక కాదు.

పెట్టె కూడా తక్కువదేం కాదు. మేలురకం పెట్టెల్ని మధ్య, దక్షిణ అమెరికాల్లో పెరిగే సెడ్రెలా ఒడొరాటా అనే చెట్టు కలపతో చేసేవారు. మన వేపకు వృక్షశాస్త్రం ప్రకారం అది దగ్గరి చుట్టం. పురుగు అంత సులువుగా పట్టదు, బరువుండదు, తడితే చక్కగా మోగుతుంది. చుట్టలు పాడవకూడదని ఎంచుకున్న కలప పాటకూ పనికొచ్చింది.

గిటార్ కొనలేని ఇళ్లలో, ముఖ్యంగా దక్షిణ రాష్ట్రాల నల్లజాతి కూలీల ఇళ్లలో, ఇదే తొలి వాద్యమయింది. బ్లూస్ గాయకుడు లైట్నిన్ హాప్కిన్స్ చిన్నప్పుడు తన గిటార్‌ను తానే చేసుకున్నాడు. రాకబిల్లీ గాయకుడు కార్ల్ పెర్కిన్స్‌కు వాళ్ల నాన్న పెట్టెకు చీపురు కర్ర తగిలించి ఇచ్చాడు. ఓక్లహోమా సిటీలో పెరిగిన చార్లీ క్రిస్టియన్ బడిలో పెట్టె గిటార్ వాయిస్తుంటే నోరెళ్లబెట్టి చూసేవాళ్లమని రచయిత రాల్ఫ్ ఎలిసన్ తర్వాత రాశాడు. ఆ కుర్రాడే 1939లో బెన్నీ గుడ్‌మన్ జాజ్ బృందంలో చేరి, వాద్యబృందంలో వెనక వరసకే పరిమితమైన గిటార్‌ను ఆంప్లిఫయర్ సాయంతో ముందు వరసకు తెచ్చాడు. క్షయతో పాతికేళ్లకే పోయాడు.

ఇప్పుడు ఇదే గిటార్‌ను చేసి అమ్ముకునేవాళ్ల బల్ల దగ్గరికి వెళ్దాం. మూడడుగుల కర్ర, ఒకటిన్నర అంగుళం వెడల్పు, ముప్పావు అంగుళం మందం. పెట్టె రెండు పక్కలా గాడి కోసి, కర్రను ఈ కొస నుంచి ఆ కొసకు దూరుస్తారు. తీగల లాగుడంతా కర్రే మోస్తుంది. లేకపోతే పాతిక కిలోలకు పైబడిన ఆ బిగువుకు పల్చటి పెట్టె నిలవదు. మూత కింద వచ్చే భాగంలో కర్రను మరో మూడు మిల్లీమీటర్లు లోతుగా చెక్కేస్తారు. కర్ర తగిలితే మూత కదలదు, మూత కదలకపోతే పాట పలకదు. తీగలు ఆనే బ్రిడ్జి స్థానంలో మామూలు బోల్టు పడుకోబెడితే దాని మరల్లో తీగలు జారకుండా కూర్చుంటాయి. తీగల కింది కొసలు పట్టి ఉంచడానికి తలుపు బందు ఒకటి చాలు. కొందరు బిరడాలు కూడా పాత గిటార్ల నుంచి ఊడదీసి వాడతారు.

మెట్ల దగ్గర మాత్రం ఈ చౌకబారుతనం చెల్లదు. తీగ పొడవు 25 అంగుళాలనుకుందాం. దాన్ని 17.817తో భాగిస్తే 1.403 అంగుళాలు వస్తుంది, అది మొదటి మెట్టు చోటు. మిగిలిన పొడవును మళ్లీ అంతే భాగిస్తే రెండోది. ఇలా పన్నెండో మెట్టు సరిగ్గా సగానికి, 12.5 అంగుళాల దగ్గరికి వస్తుంది. గెలీలియో తండ్రి విన్‌చెంజో గెలీలీ 1581లో లూట్ అనే తీగల వాద్యం కోసం చెప్పిన లెక్కలో భాజకం 18. ఆ లెక్కన పన్నెండో మెట్టు సగానికి రెండు మిల్లీమీటర్ల ముందే ఆగిపోతుంది. తీగను మెట్టు మీదికి నొక్కినప్పుడు కాస్త సాగి శ్రుతి పెరుగుతుంది కాబట్టి ఆ తేడా కొంత కప్పుకుపోయేది.

మూడు తీగల్ని ఎక్కువమంది జి, డి, జిలకు బిగిస్తారు. మన లెక్కలో స–ప–స, తంబురా శ్రుతే. గాంధారం లేదు గనుక మేజరా మైనరా అన్న పేచీ ఉండదు. సీసా మెడ ముక్కను వేలికి తొడుక్కుని తీగల మీద జార్చితే మొదటిరోజే ఏదో ఒక పాట వస్తుంది. అమ్మకానికి ఇంతకంటే పెద్ద ప్రచారం అక్కర్లేదు.

లోపమల్లా గొంతు చిన్నది కావడమే. రెండంగుళాల లోతున్న పెట్టెలో ఉండే గాలి ఎంత? లోతు స్వరాలకు అది చాలదు. అందుకే ఆంప్లిఫయర్ కావలసి వచ్చింది. మూత లోపల 27 మిల్లీమీటర్ల ఇత్తడి పీజో బిళ్లను అతికిస్తారు, బజర్లలో ఉండేదే. నొక్కుడు పడితే కొన్ని స్ఫటికాల్లో విద్యుత్తు పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు కనిపెట్టిన సంగతిని ఈ బిళ్ల పనిలో పెడుతుంది. దాని తీగల్ని ఎల్ఎం386 అనే ఎనిమిది కాళ్ల చిప్‌కు కలిపి, 9 వోల్టుల బ్యాటరీ, ఓ పాత రేడియో స్పీకర్ తగిలించి, అన్నిటినీ ఇంకో చుట్టల పెట్టెలో కూర్చోబెడితే ఆంప్లిఫయర్ తయారు. చిప్ మామూలుగా శబ్దసంకేతాన్ని 20 రెట్లు పెంచుతుంది. 1, 8 కాళ్ల మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే 200 రెట్లు. శక్తి ఒక వాట్ లోపే, దాన్ని మించి తోస్తే స్వరం చిట్లి గరగరలాడుతుంది. బ్లూస్ వాయించేవాళ్లకు కావలసింది ఆ గరగరే.

కొత్తగా చేసేవాళ్లు బిళ్లను తిన్నగా చిప్‌కు కలిపి, రేకుడబ్బా మోత వస్తోందని తల పట్టుకుంటారు. బిళ్ల దాదాపు 20 నానోఫారడ్ల కెపాసిటర్‌తో సమానం. చిప్ ముఖద్వారం దగ్గర నిరోధం 50 వేల ఓమ్‌లు. ఈ రెండూ కలిస్తే సుమారు 160 హెర్ట్జ్ కంటే కిందివన్నీ బలహీనపడతాయి. మన అడుగు తీగ జి 98 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది, అంటే పాట పునాదే పోతుంది. మధ్యలో పది లక్షల ఓమ్‌ల నిరోధంతో ఒక ఎఫ్ఈటీ ట్రాన్సిస్టర్ పెడితే ఆ హద్దు 8 హెర్ట్జ్‌కు దిగిపోతుంది. ఖర్చు నామమాత్రమే.

ఈ పెట్టె వాద్యం పెద్ద వేదిక కూడా ఎక్కింది. 2012 డిసెంబర్ 12న న్యూయార్క్‌లో తుపాను బాధితుల సహాయార్థం జరిగిన కచేరీలో నిర్వాణా రాక్ బృందంలో మిగిలినవాళ్లతో కలిసి గాయకుడు పాల్ మెకార్ట్‌నీ చుట్టల పెట్టె గిటార్ వాయించాడు. అప్పటికే అలబామాలోని హంట్స్‌విల్‌లో దీనికంటూ ఉత్సవాలు జరుగుతున్నాయి. న్యూహాంప్‌షైర్‌లోని సి.బి.గిటీ సంస్థ విడిభాగాలు అమ్ముతోంది. చేత్తో చేసిన మూడు తీగల గిటార్ అమెరికాలో తరచూ 100 నుంచి 300 డాలర్ల మధ్య పలుకుతుంది. ఒకప్పుడు పైసా ఖర్చు లేకుండా పుట్టిన వస్తువుకు ఇంత ధరా అనిపించవచ్చు. పెట్టె ధర అందులో కొసరే, డబ్బంతా మెట్లు తప్పు పోకుండా కోసిన చేతికి. అయినా కొనేవాడి కన్ను ముందు పడేది మూత మీది బొమ్మ మీదే. బొమ్మ బాగున్న పెట్టె గిటార్ ముందు అమ్ముడవుతుంది, బాగా పలికేది పక్కన వేచి ఉంటుంది.

సెడ్రెలా కలప మీద అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ 2020 నుంచి మరింత బిగిసింది. చుట్టల కంపెనీల్లో చాలా అట్టకూ, పొట్టు నొక్కి చేసిన పలకలకూ మారిపోయాయి. వాటి మోత మొద్దుగా ఉంటుంది. అందుకని సొంతంగా చేసుకునేవాళ్ల కోసం అమ్మే కిట్లలో ఇప్పుడు ఒక్క చుట్ట కూడా పెట్టి ఎరగని కొత్త చెక్కపెట్టెలు వస్తున్నాయి.