కొంటె సినిమా, కొత్త కాపురం

తండ్రి తీసిన సినిమా పేరే ముప్పై రెండేళ్ల తర్వాత కొడుకు సినిమాకూ వచ్చింది. ఆ పేరు ‘ఆ ఒక్కటీ అడక్కు’. 1992లో ఇ.వి.వి. సత్యనారాయణ తీసినదాంట్లో రాజేంద్రప్రసాద్ సోమరి అట్లు అప్పారావు. 2024లో వచ్చినదాంట్లో ఇ.వి.వి. చిన్నకొడుకు అల్లరి నరేష్ హీరో. పాతదాని పేరు పలకాలంటే పిల్లల ముందు పెద్దవాళ్లు కాస్త తడబడేవాళ్లు. కొత్తదాంట్లో అడగకూడని ఆ ఒక్కటి మాత్రం ‘పెండ్లెప్పుడు?’ అన్న ప్రశ్న. ఉద్యోగం ఉంది, తమ్ముడికి పెండ్లయిపోయింది, తనకే సంబంధం కుదరదు. మా గడివేముల వైపు ఏ అరుగు మీద కూర్చున్నా ఈ బాధ వినబడుతుంది. అందుకే నాకు ఈ రెండోదే ఎక్కువ తగిలింది.

అన్నట్టు, నరేష్ ఇంటిపేరు ఈదర. ‘అల్లరి’ అన్నది 2002లో రవిబాబు దర్శకత్వంలో వచ్చిన ఆయన తొలి సినిమా పేరు. కుర్రకారు కొంటెతనమే సరుకుగా వచ్చిన ఆ సినిమా మనిషికి పేరై అతుక్కుపోయింది.

ఇ.వి.వి.కి గురువు జంధ్యాల. గురువు హాస్యం ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేది, శిష్యుడిది కొంచెం ఘాటెక్కువ. అయినా ఆయన ‘జంబలకిడిపంబ’ను బూతు అని కొట్టిపారేయడం నాకు నచ్చదు. అందులో ఆడవాళ్ల పనులు మగవాళ్లకు, మగవాళ్లవి ఆడవాళ్లకు మారిపోతాయి. మెడలో తాళి, చంకలో బిడ్డ, పొయ్యి మీద కూర అన్నీ మగవాడి పాలే. హాల్లో మగవాళ్లు ఎగిరెగిరి నవ్వారు. వాళ్ల పక్కన కూర్చున్న ఆడవాళ్లకు అదంతా రోజూ చేసే చాకిరే.

‘ఈ నగరానికి ఏమైంది?’ అన్న పేరు ఎక్కడిదో గుర్తుందా? సినిమాకు ముందు హాల్లో వేసిన పొగాకు వ్యతిరేక ప్రకటనలోది. తరుణ్ భాస్కర్ 2018లో దాన్ని నలుగురు స్నేహితుల కథకు పెట్టుకున్నాడు. పెండ్లి ఉంగరం పోగొట్టుకుని, ఆ డబ్బు కోసం గోవాలో షార్ట్ ఫిల్మ్ తీయాలని తంటాలు పడతారు. తాగుడూ తిట్లూ బోలెడు. ఉంగరం పోయిన తర్వాతే వాళ్లకు వయసు గుర్తొస్తుంది.

అమెరికావాళ్లకు ఇలాంటి కథ అంటే 2007 నాటి జడ్ అపాటో సినిమా ‘నాక్డ్ అప్’. ఒక్క రాత్రి పరిచయంతో ఒకామె గర్భవతి అవుతుంది. ఆ కుర్రాడికి ఉద్యోగం లేదు, స్నేహితుల కొంపలో పడి ఉంటాడు. గర్భం గురించిన పుస్తకాలు కొంటాడు కానీ తెరవడు. అన్నీ చెడిన తర్వాత ఉద్యోగంలో చేరి, పుట్టబోయే బిడ్డకు ఒక గది ఉండేలా ఇల్లు చూసుకుని, ఆ పుస్తకాలు చదువుతాడు. సినిమా నిండా ఎన్ని పచ్చి మాటలున్నా నాకు గుర్తుండిపోయినవి ఆ పుస్తకాలే. అక్కడ దానికి ఇచ్చింది ‘ఆర్’ రేటింగు. అంటే పదిహేడేళ్లు నిండని పిల్లలు తల్లిదండ్రులతోనో, తోడొచ్చిన పెద్దవాళ్లతోనో వెళ్లొచ్చు. మన ‘ఎ’ సర్టిఫికెట్టుకు ఆ సడలింపు లేదు. పద్దెనిమిది నిండకపోతే నాన్న వెంట వచ్చినా గేటు దగ్గరే ఆపాలి.

హిందీ ‘విక్కీ డోనర్’ (2012) తెలుగులో సుమంత్‌తో ‘నరుడా! డోనరుడా!’గా 2016లో వచ్చింది. వీర్యదానంతో డబ్బు చేసుకునే కుర్రాడి కథ. హిందీ కథలో అతని దానంతో పుట్టిన పిల్లలు 53 మంది. 2021లో వచ్చిన చట్టం ప్రకారం అది ఇప్పుడు కుదరదు. ఒక దాత ఇచ్చినదాన్ని ఒక్క జంటకు మించి ఇవ్వకూడదు. దాతకు 21 నుంచి 55 ఏళ్ల మధ్య వయసుండాలి. మగవాడి పెండ్లికి చట్టం పెట్టిన కనీస వయసూ 21 ఏళ్లే.

ఇక మన గడ్డ మనిషి. జయప్రకాశ్ రెడ్డి పుట్టింది ఆళ్లగడ్డ దగ్గర శిరివెళ్లలో. పిల్లలకు లెక్కలు చెప్పిన మాస్టారు. ‘ప్రేమించుకుందాం రా’ (1997)తో సీమ యాసను రాష్ట్రమంతా వినిపించి, పిల్లనడగడానికి వచ్చే ప్రతి హీరోకూ ఎదురు నిలిచే పెద్దమనిషి అయ్యాడు. మొదట భయపెట్టాడు, తర్వాత అదే యాసతో కడుపుబ్బా నవ్వించాడు. ‘అలెగ్జాండర్’ నాటకంలో రంగస్థలం మీద ఆసాంతం ఆయనొక్కడే. 2020 సెప్టెంబరులో ఆయన పోయిన రోజు నాకు ఇంట్లో మనిషి పోయినట్టే అనిపించింది.

పిల్లనడిగే ఈ కథ సినిమాలు రాకముందే మన అహోబిలంలో ఉంది. నరసింహస్వామి చెంచుపిల్లను వలచాడు. చెంచులు ఊరికే ఇచ్చేస్తారా? తేనె పట్టగలవా, దుంపలు తవ్వగలవా అని పరీక్ష పెట్టారని చెప్పుకుంటారు. చెంచు నాటకాల్లో, గరుడాచలం యక్షగానాల్లో సవతుల కయ్యం, మొగుడి తడబాటు మహా సరసంగా సాగుతాయి. దేవుడి కాపురం కదా అని మనవాళ్లు మొహమాటపడలేదు.

ఏటా కనుమ నాడు అక్కడ పారువేట ఉత్సవం మొదలవుతుంది. చెంచులు స్వామి పల్లకీ వైపు బాణాలు వేస్తారు, అల్లుడి మీద ఆ మాత్రం హక్కు వాళ్లకుంది. ఆ తర్వాత స్వామి నలభై రోజులకు పైగా ఆళ్లగడ్డ చుట్టూ ముప్పైకి మించిన ఊళ్లు తిరుగుతాడు. తన పెండ్లికి తానే పిలుచుకుంటూ.