పటేలు చూపు, సంఘపు చూపు

హైదరాబాదు నుండి బొంబాయి రహదారి మీద పడమరగా సాగిపోవువారికి మొదట ఎదురగునది పటాన్‌చెరువు. మందుల కర్మాగారముల గొట్టములు, ఇనుప గేట్ల వెనుక రేయింబవళ్లు మ్రోగు యంత్రములు, షిఫ్టు మారు వేళ గుంపులుగా నడచు కార్మికులు, ఇదియే నేటి పటాన్‌చెరువు రూపము. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ పంటలపై పరిశోధనలు జరుపు ఇక్రిశాట్ సంస్థ 1972లో ఇచ్చటనే నెలకొన్నది. దానిని దాటి, సంగారెడ్డి, సదాశివపేటలను గడచి పోయినచో, రాజధానికి నూరు కిలోమీటర్లకు పైబడిన దూరమున జహీరాబాదు వచ్చును. దాని ప్రక్కనే పస్తాపూరు అను చిన్న ఊరు కలదు. తెలుగు చలనచిత్ర చరిత్ర చెప్పుకొనునపుడు ఈ ఊరి పేరు సాధారణముగా వినబడదు. కాని ఆ చరిత్రలో చేరదగిన కొందరు కళాకారులు ఈ చుట్టుపట్ల పల్లెలలో ఉన్నారు. వారందరు స్త్రీలు. అందులో పెక్కుమంది దళితులు, వ్యవసాయ కూలీలు, అక్షరము నేర్వనివారు.

చలనచిత్రమనగానే తెర మీద ఎవరు కనబడినారని అడుగుట మనకు అలవాటు. ఆ దృశ్యమును కెమెరా వెనుక నిలిచి ఎవరు చూచినారని అడుగువారు అరుదు. తెలుగున ఆ స్థానమును స్త్రీలు అలంకరింపకపోలేదు. 1953లో భానుమతి ‘చండీరాణి’ చిత్రమునకు దర్శకత్వము వహించి మూడు భాషలలో దానిని నిర్మించినది. విజయనిర్మల నలుబది నాలుగు చిత్రములకు దర్శకత్వము వహించి 2002లో గిన్నిస్ గ్రంథమునకు ఎక్కినది. అయితే వీరు ముందు నటీమణులుగా పేరు గడించి, ఆ పేరు అండగా దర్శకుల పీఠమును అందుకొన్నవారు. జహీరాబాదు స్త్రీల త్రోవ వేరు. వారు స్టూడియో గడప త్రొక్కలేదు. పొలము గట్టు నుండి నేరుగా కెమెరా వెనుకకు వచ్చినారు.

ఈ కథకు మూలము 1983లో వెలసిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ. దాని స్థాపకులలో ముఖ్యుడు పి.వి. సతీశ్. ఆయన పుట్టినది 1945లో. చదివినది ఢిల్లీలోని పత్రికారచన విద్యాలయమున. వృత్తి దూరదర్శన్‌లో కార్యక్రమ నిర్మాణము. 1975 ఆగస్టు మొదలు 1976 జులై వరకు మన దేశమున ఉపగ్రహ సహాయముతో ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు టెలివిజన్ ప్రసారములు అందించిన ‘సైట్’ ప్రయోగము జరిగినది. ఆంధ్రదేశపు పల్లెలు కూడ అందులో ఉండెను. ఆ ప్రయోగమున పని చేసినవారిలో సతీశ్ ఒకడు. పట్టణమున తయారయిన బొమ్మ ఆకాశము నుండి పల్లెకు దిగివచ్చినది. పల్లెవాసి దానిని చూచినాడు. కాని పల్లెవాసి చెప్పదలచినది తిరిగి పైకి పోవుటకు మార్గము లేకపోయినది.

సొసైటీ పనిచేసిన పల్లెలు సుమారు డెబ్బదియైదు. ఊరూర స్త్రీల సంఘములు ఏర్పడి, మొత్తము అయిదువేల మంది సభ్యులైనారు. బీడుపడిన నేలలను బాగుచేయుట, మరుగునపడుచున్న జొన్న, కొర్ర, సామ విత్తనములను వెదకి దాచుట, ఒకే చేనిలో పలు పంటలు కలిపి విత్తుట వారి నిత్యకృత్యము. నీటితడి లేకనే నల్లరేగడిలో చలికాలపు మంచుతో పండు పైరులకు ఈ ప్రాంతమున ‘సత్యం పంటలు’ అని పేరు. సేద్యమును ఇంత చక్కని మాటతో చెప్పగల వారికి బొమ్మతో చెప్పుట రాదని ఎట్లు అనగలము? 1998 ప్రాంతమున కొందరు సంఘ సభ్యులకు వీడియో కెమెరా నేర్పుట ఆరంభమైనది.

కెమెరా మీద, టేపు మీద ఉన్న వ్రాత అంతయు ఇంగ్లీషు. నేర్చుకొనువారికి తెలుగు అక్షరమే కొత్త. అందుచేత మీటలను గుర్తులతోను, స్థానములతోను జ్ఞాపకముంచుకొనవలసి వచ్చినది. పగలు కూలిపని, సాయంకాలము వంట, ఆ నడుమ దొరికిన వేళలో చదువు. ఇంతవరకు ఇది పట్టుదల కథ మాత్రమే. అటువంటివి లోకమున పెక్కు గలవు. వీరిని తక్కినవారి నుండి వేరుచేయునది మరియొకటి. వారు నేర్చినదానిని నేర్చినట్లు అప్పగింపక, తమ భాషలోనికి మార్చుకొన్నారు.

చలనచిత్ర శాస్త్రమున కెమెరాను మూడు ఎత్తులలో ఉంచుదురు. పై నుండి క్రిందికి చూచుట ఒకటి, క్రింది నుండి పైకి చూచుట ఒకటి, కంటికి సమముగా చూచుట ఒకటి. చిత్రవిద్యాలయములలో వీనికి కోణములను బట్టి పేర్లు పెట్టినారు. జహీరాబాదు స్త్రీలు తమ బ్రతుకును బట్టి పెట్టినారు. పై నుండి క్రిందికి చూచునది ‘పటేల్ షాట్’. అరుగు మీద కూర్చున్న పటేలునకు క్రింద నిలబడిన కూలీ అట్లే కనబడునుగదా! క్రింది నుండి పైకి చూచునది దాస్యము చేయువాని చూపు. చేతులు కట్టుకొని నిలుచున్నవానికి దొర ఎంత ఎత్తుగా తోచునో ఆ బొమ్మలో అంత ఎత్తుగా కనబడును. కంటికి కన్ను సమముగా నిలుచునది ‘సంఘం షాట్’. సంఘమున అందరు నేల మీద వలయముగా కూర్చుందురు. అచట ఎక్కువ తక్కువలు లేవు. తాము తీయు చిత్రములలో మనుష్యులను ఈ మూడవ చూపుతోనే చూడవలెనని వారు నిర్ణయించుకొన్నారు.

లక్షణగ్రంథములు బోధించువారు ఈ విషయమును ఒక్కక్షణము ఆలోచింపవలెను. ఒక పరిభాష పుట్టుట అన్నది సామాన్యము కాదు. కెమెరా ఎత్తు అధికారమును సూచించునని సినిమా పండితులు పెద్ద పుస్తకములలో వివరించినారు. ఆ పుస్తకములను చూడనివారు అదే సత్యమును తమ ఊరి చావడిలో కనుగొన్నారు. ప్రపంచమున ఇట్టి ప్రయత్నములు పూర్వము లేకపోలేదు. 1967లో కెనడా దేశపు ఫోగో ద్వీపమున జాలరుల సమస్యలను చిత్రించి, ఆ చిత్రములను మరల వారికే చూపి చర్చింపజేసినారు. అది ఎంతయో కీర్తి పొందినది. కాని అచట కెమెరా పట్టినవారు నగరము నుండి వచ్చిన నిపుణులు. పస్తాపూరున జాలరియే కెమెరా పట్టినట్లు అయినది.

2001లో ఈ స్త్రీల కొరకు కమ్యూనిటీ మీడియా ట్రస్టు ఏర్పడినది. మరుసటి సంవత్సరము మార్చిలో మన దేశమున బీటీ పత్తికి అనుమతి లభించినది. ఆ విత్తనము వేసిన వరంగల్ జిల్లా రైతుల చేలకు వీరు కెమెరాతో వెళ్లినారు. ఒకనాడు పోయి నాలుగు మాటలు అడిగి వచ్చుట కాదు. పైరు ఎదిగినకొలది మరల మరల పోయి, అదే రైతును, అదే చేనును చూచినారు. వరంగల్ రైతులకు బీటీ పత్తి మీద కోపమెందుకని ప్రశ్నించు ఆ చిత్రము 2003లో వెలువడినది. 2005లో మూడేండ్ల అనుభవముతో మరియొక చిత్రము వచ్చినది. 2007 నాటి చిత్రము కొరకు వీరు దక్షిణాఫ్రికా, మాలి, ఇండోనేషియా దేశముల రైతుల కడకు పోయినారు. హుమ్నాపూర్ లక్ష్మమ్మ, చిన్న నర్సమ్మ మొదలగువారి పేర్లు ఈ చిత్రముల మూలమున దేశాంతరములలో వినబడినవి.

ఈ చిత్రములు లోకమును మార్చినవా? నిజము చెప్పవలెనన్న మార్చలేదు. 2005లో తొలి మూడు బీటీ రకములకు ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి కొనసాగింపలేదు. కాని ఆపై ఏండ్లలో కొత్త రకములు వచ్చి, దేశపు పత్తి సాగులో అధిక భాగమును ఆక్రమించినవి. కంపెనీలు, కొందరు శాస్త్రజ్ఞులు ఈ చిత్రముల వాదమును అంగీకరింపలేదు. వీరు తటస్థులమని ఎన్నడు చెప్పుకొననులేదు. విత్తనము తమ ఇంటి గంపలో ఉండవలెనన్నది వారి పక్షము. అయినను ఒక సంగతి నిలిచినది. పంట పోయిన ఏట రైతు ఏమి అన్నాడో, అతని చేను ఎట్లుండెనో, మరియొక రైతు ఎదుట అతడు చెప్పుకొన్న సాక్ష్యము భద్రముగా ఉన్నది. అంకెల పట్టికలలో ఆ ముఖము కనబడదు.

బొమ్మతోపాటు మాట కూడ వీరి చేతికి వచ్చినది. గాలిలోని తరంగములు ప్రజల ఆస్తియని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో తీర్పు చెప్పినది. ఆ తీర్పు చెప్పినవారిలో జస్టిస్ పి.బి. సావంత్ ఒకరు. యునెస్కో తోడ్పాటుతో 1998 నాటికే మాచునూరున రేడియో కేంద్రము సిద్ధమైనది. కాని ప్రసారమునకు లైసెన్సు లేదు. పదియేండ్లు వీరు కార్యక్రమములను టేపుల మీద రికార్డు చేసి, సంఘపు కూటములలో వినిపించుచు కాలము గడిపినారు. 2006లో స్వచ్ఛంద సంస్థలకు అవకాశమిచ్చు విధానము వచ్చినది. 2008 అక్టోబరు 15న, గ్రామీణ మహిళా దినమున, సంఘం రేడియో ప్రారంభమైనది. ప్రారంభించినవారు ఆ జస్టిస్ సావంత్ గారే. తీర్పు వ్రాసిన చేయియే మీట నొక్కినదన్నమాట.

జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అను ఇరువురు ఆ కేంద్రమును నడిపినారు. ప్రసారము సాయంకాలము ఏడు మొదలు తొమ్మిది వరకు. వినబడు మేర సుమారు ఇరువదియైదు కిలోమీటర్లు. విత్తనము, వంట, నాటుమందు, పండుగపాట, ఊరి కబురు, అన్నియు ఆ ప్రాంతపు యాసలోనే. చలనచిత్రములలో తెలంగాణపు మాట చిరకాలము నవ్వు పుట్టించుటకే ఉపయోగపడినదన్నది మనకు తెలిసినదే. ఇచట ఆ మాట వార్త చెప్పినది, శాస్త్రము చెప్పినది. జాను తెనుగును ప్రశంసించిన పాల్కురికి సోమన ఈ గడ్డవాడేనని విద్యార్థులకు గుర్తు చేయదగిన తావు ఇది.

వీరి పేర్లను గమనింపుడు. సినిమాకు పోయినవారు పాత పేరు విడిచి తెరపేరు తొడుగుకొనుట పరిపాటి. వీరికి ఊరిపేరే ఇంటిపేరైనది. ఆల్గోల్ ఒక ఊరు, హుమ్నాపూర్ ఒక ఊరు. ఎంత దూరము పోయినను ఆ ఊరు పేరు ముందు నడచినది.

సతీశ్ 2023 మార్చి 19న కన్నుమూసినాడు. ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది ఆ సంవత్సరమునే. నలుబదియేండ్లు ఏ గింజల కొరకు ఈ స్త్రీలు శ్రమించినారో ఆ గింజలకు లోకము ఉత్సవము చేసినది. అంతకు ముందే, 2019లో, వీరి సంఘములకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ వారి ఈక్వేటర్ బహుమతి లభించినది. అయితే బహుమతి ఒకటి, భూమి ఒకటి. న్యాలకల్, ఝరాసంగం మండలములలో సుమారు 12,600 ఎకరములలో పారిశ్రామిక మండలి నిర్మించుటకు 2016లో కేంద్రామోదము లభించినది. పటాన్‌చెరువున మొదలైన గొట్టముల వరుస పడమరగా సాగుచున్నది. కర్మాగారములు అన్నము పెట్టునవే, కాదనువారు లేరు. కాని నక్కవాగు నీరు ఏమైనదో చూచినవారు రేగడి చేను ఏమగునోయని భయపడుటలో తప్పు లేదు. ఆ మార్పును ఎవరు చిత్రింతురు? ఏ ఎత్తు నుండి చిత్రింతురు?

కాళిదాసు కావ్యములకు వ్యాఖ్యానములు రచించిన మల్లినాథసూరి ఈ మెదకు సీమలోని కొల్చారము వాడని ప్రతీతి. ఆధారము లేనిది వ్రాయను, అక్కరలేనిది చెప్పను అన్నది ఆయన నియమము. చదువురాని స్త్రీలు తమ కెమెరాకు పెట్టుకొన్న నియమము దీనికి దూరమైనది కాదు. నేడు ప్రతి విద్యార్థి చేతిలోను కెమెరా కలదు. సెలవులలో ఊరికి పోయినపుడు అవ్వను, చేనును, కూలి తల్లిని చిత్రింపబోవు పిల్లవానికి ఉపాధ్యాయుడు చెప్పవలసిన మొదటి పాఠము ఒక్కటే. నిలబడి తీయవద్దు, నాయనా. ఆమె కూర్చున్నచోట కూర్చుండి తీయుము.