ఫైబర్ పడవకు రంగు వేస్తున్నారా? ముందు బంక వదిలించండి

అత్తిలి: చేపల చెరువుల్లో మేత వేసే ఫైబర్ పడవలకు మళ్లీ రంగు వేయాలంటే ముందు పాత స్టిక్కర్ల బంక పూర్తిగా పోవాలి. లేదంటే కొత్త రంగు పొరలుగా ఊడిపోతుంది. నేరుగా ఉప్పు కాగితంతో రుద్దితే బంక గీతల్లోకి దిగిపోతుంది. థిన్నర్ ఎక్కువసేపు ఉంచితే పైనున్న జెల్‌కోట్ మెత్తబడుతుంది. అది దెబ్బతింటే లోపలి పొరల్లోకి నీరు చేరుతుంది.

హెయిర్ డ్రయర్‌తో కాస్త వేడి చేసి, ప్లాస్టిక్ ముక్కతో గీకాలి. చల్లారాక మిగిలిన బంకను టర్పెంటైన్‌లో తడిపిన గుడ్డతో తుడవాలి. అప్పుడు దగ్గర్లో నిప్పు ఉండకూడదు. తర్వాత సబ్బునీళ్లతో కడిగి, మంచినీళ్లు చల్లి చూడండి. నీరు పలుచగా పరుచుకుంటే శుభ్రమైనట్టు. బొట్లు బొట్లుగా నిలిస్తే ఇంకా జిడ్డు ఉన్నట్టే, మళ్లీ కడగాల్సిందే. చివరగా 320 నంబరు వాటర్ పేపర్‌తో తడిగా రుద్ది, కడిగి, బాగా ఆరాకే ప్రైమర్ వేయాలి. ఫైబర్ పొడి దురద పెడుతుంది కాబట్టి మాస్కు, గ్లౌజులు మరవొద్దు.