మిరపలేపనము – కండూతి: అపోహలు, వాస్తవములు

దురద పుట్టినచోట మిరపసారపు లేపనము పూయుదురని వినినంతనే, ‘చిన్న బాధను మరపించుటకు పెద్ద బాధను తెచ్చిపెట్టుటయే గదా!’ యని నవ్వువారు పెక్కుమంది. ఈ యభిప్రాయమున సగపాలు సత్యమున్నది. నొప్పి దురదను అణచును, గోకుకొనునపుడు మనము చేయునదియు నదియే. కాని మంట చల్లారిన పిమ్మటను దురద తగ్గియే యుండుటకు ఆ సమాధానము చాలదు.

మిరపకారమునకు మూలమైన క్యాప్సైసిన్ చర్మములోని సన్నని నాడుల కొనలయందుండు టి.ఆర్.పి.వి.1 అను గ్రాహకమును తెరచును. 1997లో డేవిడ్ జూలియస్ బృందము గుర్తించిన యీ ద్వారము సుమారు 43 డిగ్రీల సెంటిగ్రేడునకు మించిన వేడికిని తెరచుకొనునదే యగుటచేత, చల్లని లేపనము సైతము నిప్పువలె తోచును. అంతమాత్రమున చర్మము కాలుచున్నదని భయపడ నక్కరలేదు. పదేపదే పూయగా, నాడులలోనికి కాల్షియము విస్తారముగా ప్రవేశించి, ఆ కొనలు మొద్దుబారి, కొంతకాలము పైచర్మమునుండి వెనుకకు తగ్గును. దురదవార్తను మోయు నాడులలో పెక్కింటికి ఈ గ్రాహకమే యుండుటచేత ఆ వార్తయు నిలిచిపోవును. ఈ మొద్దుబారుటను హంగరీ శాస్త్రజ్ఞుడు మిక్లోష్ యాంచో 1940ల నాడే కనుగొనెను.

కావున ‘దురద లేచినపుడు కాస్త రాసిన చాలు’ ననుట అన్నిటికంటె నష్టకరమైన యపోహ. 0.025 లేక 0.075 శాతపు లేపనమును దినమునకు మూడు నాలుగు పర్యాయములు, వారములతరబడి రాయవలెను; తొలివారపు మంటకు తాళలేక మానినవారికి మంటయే మిగులును. మానిన కొంతకాలమునకు నాడులు మరల పెరుగును, దురదయు తిరిగి రావచ్చును.

అన్ని దురదలకు నిది మందు కాదు. వీపున రెక్కయెముక ప్రక్కను నాడీదోషముచే కలుగు దురదకును, డయాలిసిస్ రోగుల దురదకును వైద్యులు దీనిని వాడుదురు; గజ్జిపురుగును గాని తామరబూజును గాని ఇది చంపజాలదు. ఇక వంటింటి మిరపకాయను నూరి పూయుట యనునది సాహసమే: కారమెంతయో తెలియదు, పగిలిన చర్మమున బొబ్బలెక్కవచ్చును, నీటిలో కరగదు గనుక ఉత్త నీళ్లతో కడిగినను పోదు.

క్యాప్సైసిన్ దురదకు నిత్యశత్రువనుటయు సరికాదు. దూలగొండి నూగులోని మ్యుకునైన్ అను ఎంజైము హిస్టమిన్‌తో నిమిత్తము లేకయే దురద పుట్టించును. పరిశోధకులు ఆ నూగును వేడిచే నిర్వీర్యము గావించి, దాని కొనకు క్యాప్సైసిన్ పట్టించి చర్మమున గ్రుచ్చగా, మంటతోబాటు దురదయు లేచినది!