యోయో చేయదలచినవారికి తొలి తరిమెన

దారము వెంట క్రిందికి దిగి, తిరిగి చేతికి ఎక్కివచ్చు యోయోను చూచి ముచ్చటపడని పిల్లలు అరుదు. ఇది నిన్న మొన్నటి ఆట కాదు. క్రీస్తుపూర్వము 440 ప్రాంతమునకు చెందిన గ్రీకు మట్టిపాత్ర యొకటి బెర్లిన్ ప్రదర్శనశాలలో కలదు. దానిపై ఒక బాలుడు ఇట్టి బిళ్ళతో ఆడుకొనుచుండుట కానవచ్చును. 1928లో ఫిలిప్పీన్సు నుండి వచ్చిన పెడ్రో ఫ్లోరెస్ కాలిఫోర్నియాలో యోయోల తయారీకి పూనుకొనెను. ఆ వ్యాపారమును పిదప కొన్న డంకన్ సంస్థ 1946లో విస్కాన్సిన్ రాష్ట్రమందలి లక్ అను ఊరికి తరలి, అక్కడి మేపుల్ కర్రతో లక్షలాది యోయోలను చేసెను.

నేడు ప్లాస్టిక్ యోయోలు అంగడిలో చవకగా దొరకును. అయినను సెలవు దినములలో స్వహస్తములతో ఒక యోయో చేసి బిడ్డల చేతిలో పెట్టవలెనని కోరువారు ఉన్నారు. అట్టివారికి మొదట ఎదురగు ప్రశ్న: ఎట్టి తరిమెన కొనవలెను? తరిమెన యనగా కర్రను గిరగిర త్రిప్పుచు ఉలితో గుండ్రముగా చెక్కు యంత్రము. వాడుకలో లేత్ మిషన్ అందురు. పెద్ద యంత్రము కొని, సొమ్మంతయు దానికే వెచ్చించి, మంచి ఉలి లేక, సానపట్టుట తెలియక, ఏడాది తిరుగకుండ దానిపై గోనెపట్టా కప్పినవారు పెక్కుమంది. ఆ నష్టము శ్రోతలకు కలుగరాదని ఈ నాలుగు మాటలు చెప్పుచున్నాము.

యంత్రమును ఎన్నుటకు ముందు యోయో ఏమి కోరునో తెలియవలెను. యోయో అనగా ఒక సన్నని ఇరుసుకు ఇరువైపుల బిగించిన రెండు బిళ్ళలు. దారపు ఉచ్చు ఇరుసు చుట్టు వదులుగా నున్నచో యోయో అడుగున ఆగి, దారము కొసన తిరుగుచుండును. బిళ్ళల బరువు నడుమ కంటె అంచువైపు ఎక్కువగా నున్నకొలది ఆ తిరుగుడు చాలసేపు నిలుచును. ఒక బిళ్ళ బరువు హెచ్చినను, ఇరుసు రంధ్రము నట్టనడుమ నుండి వెంట్రుకవాసి తొలగినను, యోయో వణకి దారమును చుట్టుకొని ఆగిపోవును. కావున యోయో కోరునది పెద్ద యంత్రమును కాదు. కేంద్రము తప్పని యంత్రమును.

సాధారణపు యోయో అడ్డుకొలత సుమారు 57 మిల్లీమీటర్లు. దీనికి బల్లమీద నిలుపు చిన్న తరిమెన చాలును. 250 మిల్లీమీటర్ల అడ్డుకొలత గల కర్రను త్రిప్పగలిగి, రెండు మొనల నడుమ 400 మిల్లీమీటర్ల ఎడము, అర హార్స్‌పవర్ మోటారు ఉన్నచో అది అవసరమునకు మించినదే. వేగమును మార్చుకొను వీలు మాత్రము తప్పక ఉండవలెను. 57 మిల్లీమీటర్ల బిళ్ళ చుట్టుకొలత సుమారు 18 సెంటీమీటర్లు. నిమిషమునకు 2000 చుట్లు తిరిగినచో దాని అంచు నిమిషమునకు 360 మీటర్లు పరుగెత్తును. చదరపు కర్రను గుండ్రము చేయునపుడు ఇందులో సగము వేగమే క్షేమము. నునుపు చేయునపుడు పెంచవచ్చును. పోత ఇనుముతో చేసిన బరువైన తరిమెన వణకు తగ్గించును. దానిని గట్టి బల్లకు బోల్టులతో బిగించి, తిరుగు ఇరుసు నిలుచున్నవాని మోచేతి ఎత్తున ఉండునట్లు అమర్చవలెను.

అంగడిలో మూడు పరీక్షలు చేయుడు. తలభాగమునందలి మొనను, తోకభాగమునందలి మొనను దగ్గరకు జరిపి చూడుడు. రెండును సూటిగా కలిసికొనవలెను. తిరుగు ఇరుసును చేతబట్టి పైకి, ప్రక్కకు ఊపుడు. ఏమాత్రము కదలినను బేరింగు వదులని తెలియవలెను. తోకభాగమును బిగించి మరల చూడుడు. బిగింపుతో అది ప్రక్కకు ఒరుగరాదు. రంధ్రము తొలుచు డ్రిల్లును పట్టునది తోకభాగమే గనుక, అది ఒరిగినచో యోయో ఒరిగినట్లే.

తరువాత కొనవలసినది కర్రను పట్టు చక్కు. నాలుగు దవడలు ఒక్కసారిగా కదలి కర్రను నడుమకు తెచ్చు రకము మేలు. దాని మరలు తరిమెన మరలకు సరిపోవునో లేదో అంగడిలోనే బిగించి చూచుకొనవలెను. బిళ్ళ చక్కులో ఉండగనే రంధ్రము తొలిచి, పిదప ఆ రంధ్రమునే ఆధారముగా చేసికొని రెండవ ముఖమును చెక్కినచో కేంద్రము తప్పదు. రెండు బిళ్ళలను ఒకే కర్రనుండి ప్రక్కప్రక్కనే కోయవలెను. ఆ కర్ర బాగుగా ఆరినదై యుండవలెను. పచ్చికర్ర ఆరునపుడు వంకరపోవును.

ఉలులు నాలుగు చాలును: చదరపు కర్రను గుండ్రము చేయు వెడల్పైన గాడి ఉలి, వంపులు తీయు సన్నని గాడి ఉలి, దారపు సందు కోసి బిళ్ళలను విడదీయు 3 మిల్లీమీటర్ల పలుచని ఉలి, ముఖమును చదును చేయు గీకుడు ఉలి. డజను ఉలుల చవక పెట్టె కంటె హైస్పీడ్ ఉక్కుతో చేసిన ఈ నాలుగే మేలు. సామాన్యపు ఉక్కు సానపై వేడెక్కి నీలివన్నె తిరిగినచో పదును నిలుపదు. పాత ఆకురాయిని ఉలిగా మార్చు ప్రయత్నము ఎన్నడును చేయరాదు. అది పెళుసు గనుక తిరుగు కర్రకు తగిలి విరిగి ముఖముపైకి ఎగురును. సానరాయిని ఉలులతోపాటే కొనుడు. మొద్దు ఉలిని బలముగా నొక్కవలసి వచ్చును. నొక్కిన ఉలి కర్రలో దిగబడి చేతిని విసరికొట్టును. గాడి ఉలి చెంపను ముందు కర్రకు ఆనించి, పిదప మెల్లగా వాదరను తాకింపవలెను.

చేతిలోని సొమ్మును మూడు పాళ్ళు చేసి, రెండు పాళ్ళు తరిమెనకు, ఒక పాలు చక్కు, ఉలులు, సానలకు కేటాయింపుడని మా సలహా. ముఖకవచమును ఆ లెక్కలో చేర్చక వేరుగా కొనుడు. కన్నునకు వెలకట్టలేము గదా! తరిమెన వద్ద ఉత్తరీయము, పైటకొంగు, వ్రేలాడు జడ, ఉంగరము, చేతితొడుగు పనికిరావు. మీట నొక్కుటకు ముందు కర్రను చేతితో ఒక చుట్టు త్రిప్పి చూడుడు. గరుకుకాగితముతో రుద్దునపుడు ఉలి ఆనుకొను కమ్మిని తీసివేయుడు.

ఈ విద్య మన నేలకు క్రొత్త కాదు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డునగల ఏటికొప్పాక పనివారు అంకుడు కర్రను తరిమెనపట్టి లక్కబొమ్మలు చేయుదురు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించెను. పూర్వము ఒకరు త్రాడు లాగి త్రిప్పుచుండగా మరియొకరు ఉలి పట్టెడివారు. నేడు ఆ త్రిప్పు పనిని మోటారు చేయుచున్నది. తిరుగు కర్రకు లక్కకడ్డీని ఒత్తగా, రాపిడి వేడికి లక్క కరగి కర్రకు పట్టును. మొగలి ఆకుతో దానికి మెరుగు తెత్తురు. ఆ పనితనము యంత్రపు ఖరీదులో లేదు. ఉలి పట్టిన చేతిలో ఉన్నది.

కావున మొదటి వారము యోయో జోలికి పోక, మెత్తని అంకుడు కర్రతో బొంగరములు చెక్కుడు. బొంగరము వణకక నిలిచి తిరిగిన నాడు మీ చేయి కుదిరినదని గుర్తు. పిదప రెండు బిళ్ళలు చేసి, తక్కెడలో చెరియొక వైపు ఉంచుడు. ముల్లు నిలిచిన పిమ్మటనే ఇరుసు బిగించి, దారము కట్టి, పిల్లలను పిలువుడు.