మీకు తెలుసా? ఆకలిని ఆపే దుంపలు, పండ్లు

● 1995లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయంలో సుసానా హోల్ట్ బృందం 38 రకాల ఆహారాలను పరీక్షించింది. ఒక్కొక్కటీ దాదాపు 240 కేలరీలకు సరిపడా పెట్టి, రెండు గంటలపాటు కడుపు ఎంత నిండుగా ఉందో అడిగి రాసుకుంది. తెల్ల బ్రెడ్‌కు 100 మార్కులు అనుకుంటే, ఉడికించిన బంగాళాదుంపకు 323 వచ్చాయి! నారింజకు 202, యాపిల్‌కు 197. వెన్న దట్టించిన క్రోసాంకు 47 మాత్రమే.

● నీరు, పీచు ఎక్కువున్న ఆహారం తక్కువ కేలరీలతోనే పొట్టను నింపుతుంది. పొట్ట గోడలు సాగగానే నరాలు మెదడుకు ఆ కబురు చేరవేస్తాయి.

● ఓట్స్, బార్లీలో ఉండే బీటా గ్లూకాన్ అనే పీచు నీటితో కలిసి జిగురుగా మారుతుంది. అందుకే ఆహారం మెల్లగా అరుగుతుంది.

● పెద్దపేగులోని బ్యాక్టీరియా పీచును పులియబెడితే కొన్ని కొవ్వు ఆమ్లాలు పుడతాయి. ఆకలిని అదుపు చేసే జీఎల్‌పీ-1, పీవైవై హార్మోన్ల విడుదలకు అవి తోడ్పడతాయి.

● 2009లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ పరిశోధనలో, మధ్యాహ్న భోజనానికి ముందు యాపిల్ ముక్కలు తిన్నప్పుడు మొత్తం కేలరీలు 15 శాతం తగ్గాయి. జ్యూస్‌తో అంత ఫలితం కనిపించలేదు.

కాబట్టి పండును పిండి తాగకండి, కొరికి తినండి!